మెడ కన్నా ముందొచ్చిన దండ

ఆ సోమవారం ఉదయం ఏడు గంటల యాభై నిమిషాలకి మెట్టవలస నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బస్సు ఒక విమానాన్ని ఓడించింది.

ఓడించిన సంగతి డ్రైవరు పైల గవరయ్యకి తెలియదు. ఆయన రోజూలాగే నీలంపేట బస్టాండులో బండి ఆపాడు. రోజూలాగే వాచీ చూసుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ వాచీకి ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకి ఆ వాచీ అబద్ధం చెప్పలేదు. ఆరూ పదికి మెట్టవలసలో హారన్ కొడితే ఏడూ యాభైకి నీలంపేటలో బ్రేకు పడాలి. డెబ్బై రెండు కిలోమీటర్లు, గంటా నలభై నిమిషాలు. దారిలో పొలాలకెళ్లేవాళ్లు ఆ బస్సు చూసి సద్దిమూట విప్పేవారు.

"అన్నా, ఈ దండ ఎవరికియ్యాల?" అని అడిగింది కండక్టరు అరుణ.

వెనక సీటులో ఎనిమిది అడుగుల చామంతి దండ పడుకుని ఉంది. దానికి రెండు టిక్కెట్లు కొట్టారు. ఆ రోజు కొత్త విమానం మొదటిసారి మెట్టవలస నుంచి నీలంపేటకి ఎగురుతోంది. అందులో ఆ ప్రాంతపు నాయకుడు వస్తున్నాడు. దండ ఆయన మెడకి. కారులో పట్టక అనుచరులు దాన్ని ఆరూ పది బస్సెక్కించారు. సరిగ్గా అదే నిమిషానికి, మెట్టవలస బస్టాండు ముందు నుంచే, నాయకుడు కారులో విమానాశ్రయానికి బయల్దేరాడు.

దండ ఏడూ యాభైకి వచ్చింది. మెడ తొమ్మిదీ పదికి వచ్చింది. ఈ మధ్యలో దండ ఎండకి వాడి, ఆవు ఒకటి ఓ చివర నమిలి, ఎనిమిది అడుగులది ఆరయింది.

మర్నాడు జిల్లా పేపర్లో నాలుగో పేజీలో పెద్దక్షరాల శీర్షిక: 'మెడ కన్నా ముందొచ్చిన దండ'.

గవరయ్య కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

*

ఇందులో విమానం తప్పేమీ లేదు. పాపం, అది గాల్లో ఉన్నది ఆరు నిమిషాలే.

ఒకప్పుడు అదంతా ఒకే జిల్లా. రెండుగా విడగొట్టాక ఒక జిల్లాకి విమానాశ్రయం ఇచ్చి రెండోదానికి ఇవ్వకపోతే ధర్నాలవుతాయని రెండింటికీ ఇచ్చారు. మెట్టవలసవాళ్లకి స్థలం ఊరికి తూర్పున పాతిక కిలోమీటర్ల అవతల దొరికింది. నీలంపేటవాళ్లకి ఊరికి పడమర ఇరవై ఏడు కిలోమీటర్ల ఇవతల దొరికింది. తీరా రెండూ కట్టాక చూస్తే వాటి మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు. ఒక టవరు మీంచి దుర్భిణీ పెట్టి చూస్తే రెండో టవరు మీదవాడు టీ తాగుతున్నాడో కాఫీ తాగుతున్నాడో చెప్పొచ్చు. మొదటి ప్రయాణంలో ఎయిర్‌హోస్టెస్ నమస్కారం పెట్టడానికి చేతులు జోడించింది. విడదీసేలోపు చక్రాలు నేలకి తగిలాయి.

గవరయ్య బస్సు వెళ్లే రోడ్డు కూడా ఆ రెండు విమానాశ్రయాల ముందు నుంచే. ఆరూ నలభై రెండుకి మొదటి విమానాశ్రయం గేటు దాటుతుంది. ఏడూ పన్నెండుకి రెండో దాని గేటు దాటుతుంది. విమానం ఎక్కే పాసింజర్లు కూడా అతని బస్సులోనే వచ్చి మొదటి గేటు దగ్గర దిగేవారు. లోపల వాళ్ల బెల్టులు విప్పించి, చెప్పులు విప్పించి, మళ్లీ తొడిగించేసరికి, వాళ్ల పక్క సీటులో కూర్చున్నవాడు నీలంపేటలో ఇడ్లీ తిని చెయ్యి కడుక్కునేవాడు.

"బాబూ, దిగిపోతన్నారేటి? ఊరింకా రాలేదు," అని మొదట్లో అసిరమ్మ వాళ్లకి జాలిగా చెప్పేది.

అసిరమ్మది గవరయ్య వీధే. వయసు అరవై రెండు. రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. సోమవారం, గురువారం నీలంపేట ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఆమెతోపాటు మరో ఆరుగురు. ఎనిమిదింబావుకి మిషను దగ్గర ఉండాలి. ఎనిమిదిన్నర దాటితే ఆ మిషను తర్వాతివాళ్లకి పోతుంది. ఇక ఆ రోజుకి లేదు. ఆ ఏడుగురికీ డ్రైవరు వెనక సీట్లు గవరయ్య స్వయంగా తుడిచి ఉంచేవాడు.

"నా పేణం డాట్రుగారి సేతిలో నేదు గవరా, నీ కుడికాల్లో ఉన్నాది," అనేది అసిరమ్మ. "ఆ కాలు జాగ్రత్తగా సూసుకో."

*

బుధవారం డిపో నుంచి పిలుపొచ్చింది.

మేనేజరు గది ఆ రోజు మేనేజరుది కాదు. బయట కొత్త బోర్డు: 'ప్రాంతీయ గగన అనుసంధాన కాలవ్యవధి పరిరక్షణ ప్రత్యేకాధికారి'. బోర్డు గుమ్మం కన్నా వెడల్పు కావడంతో నిలువుగా కట్టారు. గవరయ్య మెడ పక్కకి వాల్చి చదువుకుని లోపలికెళ్లాడు.

లోపల చక్రధరరావు. సన్నటి మనిషి, సన్నటి కళ్లజోడు. మాట మాత్రం లావు.

"మీరేనా సదరు వాహన చోదకులు?"

"డ్రైవర్నండీ."

"మీ వాహనం విమానం కన్నా గంటా ఇరవై నిమిషాలు ముందుగా గమ్యస్థానం చేరుతున్నట్లు మా దృష్టికి వచ్చింది. ఇది వాస్తవమేనా?"

గవరయ్య ఛాతీ కొంచెం పొంగింది. "పంతొమ్మిదేళ్లనుంచీ అదే టైమండీ. ఐదు నిమిషాలు తేడా రాదు."

"అంటే ఇది పంతొమ్మిదేళ్లుగా కొనసాగుతున్న వ్యవహారం," అని చక్రధరరావు రాసుకున్నాడు. తర్వాత ఒక కాగితం తిప్పి చూపించాడు. "ఇది విమాన పథకం ఫారం. ఇది కాలమ్ పద్నాలుగు. 'విమానం వల్ల ప్రయాణికులకు ఆదా అగు సమయం.' ఊరి నుంచి ఊరికి బస్సులో పట్టే సమయంలోంచి విమాన మార్గంలో పట్టే సమయం తీసెయ్యాలి. కనీసం పావుగంట మిగలాలి. మీ బస్సుకి గంటా నలభై. మా విమానానికి, కార్లూ తనిఖీలూ కలుపుకుని, మూడు గంటలు. తీసేస్తే ఏమొస్తుంది?"

"మైనస్ గంటా ఇరవై అండీ."

"కంప్యూటరు మైనస్ తీసుకోదు. కొట్టగానే ఎర్రగా అయిపోయి మొదటి పేజీకి పోతుంది. నేను నిన్న నలభై ఒక్కసార్లు మొదటి పేజీకి పోయాను."

"అయితే విమానాన్ని కాస్త బేగి తోలమనండి సార్."

చక్రధరరావు కళ్లజోడు తీశాడు. "విమానం వేగం దేశానికి సంబంధించిన విషయం. బస్సు వేగం డిపోకి సంబంధించిన విషయం. ఎవరి పరిధిలోది వారు సరిదిద్దుకోవాలి."

అని ఉత్తర్వు చేతిలో పెట్టాడు. ఆరూ పదికి బయల్దేరు బస్సు, తొమ్మిదీ ఇరవై ఐదుకి ముందు ఎట్టి పరిస్థితులలోనూ నీలంపేట బస్టాండు చేరరాదు. చేరినచో తొందరపాటు కింద క్రమశిక్షణ చర్య.

 ఆలస్యం చేస్తే మెమో ఇవ్వడం గవరయ్య ఎరుగును గానీ, టైముకి వెళ్తే మెమో ఇచ్చే రోజొస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"సార్, గురువారం డయాలసిస్ వాళ్లుంటారండీ. ఎనిమిదిన్నర దాటితే మిషను పోద్దండి."

"రోగులు కూడా ఈ పథకం లబ్ధిదారులే. విమానంలో రమ్మనండి."

"విమానంలో వస్తే తొమ్మిదీ పది అవుద్ది కదండీ!"

"అవుతుంది. కానీ మీ బస్సు కన్నా పావుగంట ముందు," అన్నాడు చక్రధరరావు ఎంతో ఓర్పుగా.

*

డెబ్బై రెండు కిలోమీటర్లు మూడుంబావు గంటల్లో వెళ్లడం ఎంత కష్టమో తోలినవాడికే తెలుస్తుంది. రెండో గేరులో ఇంజను మూలిగింది. మొదట ఒక మోపెడ్ దాటింది. తర్వాత గడ్డిమోపుతో సైకిలు మీద వెళ్తున్న ముసలాయన దాటుతూ, "ఏటి బాబూ, డీజిలు అయిపోయిందేటి?" అని పరామర్శించాడు. గవరయ్య సిగ్గుతో అద్దం అటు తిప్పేశాడు.

"ఒరే గవరా, పెళ్లి ఊరేగింపేట్రా ఇది? మేళం ఏదిరా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అసిరమ్మ కాళ్లు ముందు సీటు మీద పెట్టుకుని, చీర అంచు పైకి లాగి, వాపు వేలితో నొక్కి చూసుకుంటూ కూర్చుంది. వేలు తీసినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదీ ఇరవై. నర్సు మేరీ గ్రేస్ గుమ్మంలోనే చెయ్యి ఊపింది. "నాలుగో మిషను ఇచ్చేశానమ్మా. ఎనిమిదిన్నర దాకా చూశాను. అటు పక్కవాళ్లూ మనుషులే కదా!"

"నువ్వేటి సేస్తావులే తల్లీ," అంది అసిరమ్మ. తిరుగు బస్సులో మెట్టు ఎక్కడానికి ఆమెని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నాలుగు మాటలకి ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. సోమవారం కూడా మిషను తప్పితే ఏమవుతుందో గవరయ్యకి డాక్టరు చెప్పక్కర్లేదు.

ఈలోగా ఇంకో తమాషా జరిగింది. బస్సు నత్త అయ్యాక జనం ఆటోలెక్కారు. ఆటోలు గంటా యాభైలో చేరుతున్నాయి. కాలమ్ పద్నాలుగు మళ్లీ ఎర్రబడింది. దానితో 'తొందర నిరోధక దళం' పుట్టింది. రోడ్డు పొడవునా రేకుల షెడ్లు వేసి 'నిరీక్షణ కేంద్రం' అని రాశారు. పాల క్యాన్లతో మోటారుసైకిలు మీద వెళ్తున్నవాణ్ణి ఆపి దళంవాళ్లు లెక్క వేసి చెప్పారు.

"ఈ వేగాన పోతే మీరు గంటా నలభై ఎనిమిది నిమిషాలు ముందుగా చేరతారు. ఆ సమయం ఇక్కడ కూర్చుని వెళ్లండి."

"పాలు విరిగిపోతాయండీ!"

"పాలకి వేరే ఫారం ఉంది."

ఒక్క అంబులెన్సుని మాత్రం వాళ్లు ఆపలేదు. రోగుల వాహనం కాలమ్ పద్నాలుగు పరిధిలోకి రాదని చక్రధరరావే స్వయంగా తేల్చాడు. అందులో వచ్చేవాళ్లు సమయం ఆదా చేసుకోవడానికి రారట. సర్కారు బస్సుని కూడా ఆపలేదు. ఒక సర్కారు మనిషి మరో సర్కారు బండిని ఆపడానికి ఉత్తర్వు ఇంకా రాలేదు. దాని టైము డిపో చూసుకుంటుందని ఊరుకున్నారు.

*

ఆదివారం గవరయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉత్తర్వు తొమ్మిదోసారి చదువుతున్నాడు. అరుణ కూడా వచ్చింది.

"ఎన్నిసార్లు సదివినా అదే కదన్నా."

"కాదు అరుణా. ఇది చూడు. అడుగున చిన్న అక్షరాలు. 'చేరుట అనగా, బస్సు బస్టాండు గేటు దాటి, కంట్రోలరు రిజిస్టరులో సమయం నమోదగుట.'"

అరుణ వంగి చదివింది. "ఆసుపత్రి బస్టాండుకి ఇవతలే ఉంది."

"రెండు వందల గజాలు ఇవతల."

"గేటు దాటకపోతే..."

"మనం ఇంకా రాలేదన్నమాట," అన్నాడు గవరయ్య. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

సోమవారం ఆరూ పదికి బస్సు పాత గవరయ్య చేతిలో లేచింది. ఏడూ నలభై ఎనిమిదికి ఆసుపత్రి ముందు ఆగింది. ఏడుగురూ దిగారు. వెనకాలే టీచర్లు, గుమాస్తాలు, పూలబుట్టలు, చేపల తట్టలు, అందరూ దిగి ఎవరి పనిన వాళ్లు పోయారు. ఖాళీ బస్సు బస్టాండు గేటుకి పది అడుగుల ఇవతల, రోడ్డు పక్కన, తొమ్మిదీ ఇరవై ఐదు దాకా 'ప్రయాణం చేస్తూ' నిలబడింది. కర్ర విరగలేదు, పాము చావలేదు, ఫారం ఎర్రబడలేదు.

లోపల మేరీ గ్రేస్‌కి మాత్రం చిక్కొచ్చింది. ఆసుపత్రి కంప్యూటర్లో రోగి ఏ ఊరి నుంచి, ఎన్నింటికి బయల్దేరి, దేనిమీద వచ్చాడో కొట్టాలి. ఆమె 'బస్సు' అని కొట్టింది. కంప్యూటరు బస్టాండు రిజిస్టరు అడిగి తెలుసుకుని, 'సదరు బస్సు ఇంకా రాలేదు' అని తిప్పికొట్టింది. 'ఆటో' అంటే, 'నిరీక్షణ కేంద్రం చీటీ నంబరు?' అంది.

"దేనిమీద వచ్చావని రాయనమ్మా? ఇది రాస్తేగానీ మిషను తెరుచుకోదు."

అసిరమ్మ గోడ గడియారం చూసింది. ఎనిమిదీ ఐదు.

"నడిసొచ్చానని రాసీ తల్లీ."

"డెబ్బై రెండు కిలోమీటర్లా?"

"నీకెందుకు, అదేటి అంటాదో సూడు."

మేరీ గ్రేస్ 'కాలినడక' అని కొట్టింది. కంప్యూటరు ఏ పేచీ పెట్టకుండా పచ్చగా అయింది. ఏడుగురూ ఆ రోజు నుంచి నడిచే వచ్చారు.

*

మూడు వారాలకి పైనుంచి తనిఖీ వచ్చింది. ఢిల్లీలో పనిచేసే తెలుగు అధికారి, పెద్ద మీసాలాయన, విమానంలో వస్తాడు. అదే సమయానికి చక్రధరరావు స్వయంగా బస్సులో ప్రయాణించి, మూడుంబావు గంటలు పడుతోందని ధ్రువీకరించాలి.

ఆరూ పదికి చక్రధరరావు గొడుగు, ఫైలు, మూడు పుస్తకాలు, గాలి దిండు పట్టుకుని ఎక్కాడు. అరుణ గవరయ్య మొహంలోకి చూసింది. మెల్లగా తోలితే ఆ రోజు మిషన్లు పోతాయి. గట్టిగా తోలితే ఉద్యోగం పోతుంది.

"పిన్నీ, ఎలగ ఉంది?" అన్నాడు గవరయ్య వెనక్కి తిరక్కుండా.

"బాగానే ఉన్నాను. నువ్వు నీ కాలు సంగతి సూసుకో," అంది అసిరమ్మ.

కుడికాలు నొక్కాడు.

ఏడూ నలభై ఎనిమిదికి ఆసుపత్రి ముందు బస్సు ఆగింది. అందరూ దిగిపోయాక గేటుకి పది అడుగుల ఇవతలకి వచ్చి నిలబడింది. చక్రధరరావు మొదటి పుస్తకం ఇరవయ్యో పేజీ దగ్గర తలెత్తి చూశాడు.

"ఇదేమూరు?"

"నీలంపేటండీ," అంది అరుణ.

"అంటే మనం వచ్చేశామా?"

 గవరయ్య ఇంజను ఆపేశాడు. చక్రధరరావు వాచీ చూసుకున్నాడు.  తొమ్మిదీ పదికి పై అధికారి వస్తాడు. బస్సు గంటా నలభైలో వచ్చిందని రాస్తే కాలమ్ పద్నాలుగు పోతుంది, పథకం పోతుంది, విమానాశ్రయాలు రెండూ పోతాయి, నిలువు బోర్డు అడ్డంగా పడుతుంది. గవరయ్య లేచి, ఉత్తర్వు తీసి, అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. చక్రధరరావు చదివాడు. అది ఆయన రాసిన వాక్యమే. రాసినప్పుడు ఎందుకు రాశాడో ఆయనకీ తెలియదు. ప్రతి ఉత్తర్వులో ఒక నిర్వచనం ఉండాలి కనక రాశాడు.

"గేటు దాటలేదు కదూ?" అన్నాడు నెమ్మదిగా.

"పది అడుగులుందండీ."

"అయితే మనం ఇంకా ప్రయాణంలోనే ఉన్నాం."

"ఆకలేస్తే పక్కన పెసరట్టు బాగుంటాదండీ," అన్నాడు గవరయ్య. "ప్రయాణంలోనే తినొచ్చు."

తొమ్మిదీ పదికి మీసాలాయన కారు వచ్చింది. రోడ్డు పక్క హోటల్లో రెండో ఉప్మా పెసరట్టు మీద అల్లం చట్నీ వేయించుకుంటున్న చక్రధరరావుని చూసి ఆయన కారు ఆపించాడు.

"ఏమయ్యా, నువ్వు బస్సులో రావాలి కదా! అప్పుడే వచ్చేశావా?"

చక్రధరరావు చేతిలో పెసరట్టుతోనే నిటారుగా నిలబడ్డాడు.

"లేదు సార్. నేనింకా రాలేదు."

"మరి ఇక్కడున్నావేం?"

"ఉన్నాను సార్. కానీ రాలేదు. ఇంకో పదిహేను నిమిషాల్లో వస్తాను."

మీసాలాయన ఆయన్ని చూశాడు. బస్సుని చూశాడు. గేటుని చూశాడు. తర్వాత ఫారం తీసి అటూ ఇటూ తిప్పాడు. అధికారి ఎక్కడున్నాడని రాయడానికి అందులో కాలమ్ లేదు.

"పెసరట్టు బాగుందా?" అని అడిగాడు.

"ప్రశస్తంగా ఉంది సార్."

ఇద్దరూ కూర్చుని తిన్నారు. తొమ్మిదీ ఇరవై ఐదుకి బస్సు గేటు దాటింది. చక్రధరరావు పరుగెత్తుకెళ్లి అందులో ఎక్కి, లోపల దిగి, చెమట తుడుచుకుంటూ నమస్కారం పెట్టాడు. కాలమ్ పద్నాలుగులో పదిహేను నిమిషాలు పడ్డాయి. పథకం గట్టెక్కింది.

*

నెల తిరక్కుండా చక్రధరరావు గవరయ్యని వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. ఈసారి చేతిలో గాలి దిండు లేదు. ఒక కాగితం ఉంది. 

"గవరయ్యా, ఎవరీ అసిరమ్మ?"

"మా వీధేనండీ. ఏమయింది?"

"రాష్ట్రంలోని అన్ని కంప్యూటర్లనీ ఒకదానితో ఒకటి కలిపారు. బస్సు, ఆటో, కాలినడక, అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఈవిడ, మరో ఆరుగురు, వారానికి రెండుసార్లు మెట్టవలస నుంచి నీలంపేటకి గంటా ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో నడుస్తున్నారు. విమానం కన్నా గంటా ఇరవై రెండు నిమిషాలు ముందు!" ఆయన కాగితం గవరయ్య చేతిలో పెట్టాడు. "మళ్లీ ఎర్రబడిందయ్యా. కారణం రాయమంటున్నారు. ఈవిడ నడక తగ్గించాలి."

అసిరమ్మని పిలిపించక్కర్లేకపోయింది. ఎదురింటి గుమ్మంలోనే కూర్చుని అంతా వింటోంది. చక్రధరరావు వెళ్లి ఆమె పాదాలకేసి చూశాడు. బొద్దుగా, మిలమిలా మెరుస్తూ, కుండల్లా ఉన్నాయి.

"ఈ కాళ్లతోనా?"

"ఇయ్యాల వాపున్నాది బాబూ. వాపు దిగితే ఇంకా జోరుగా నడుస్తాను."

"అమ్మా, మీరు నడవడానికి వీల్లేదు. ఉత్తర్వు ఇస్తాను."

"ఇయ్యి. మానేస్తాను." అసిరమ్మ ఊపిరి తీసుకుంది. "మరి నాను ఎలగ ఎల్లాలో కూడా ఆ కాయితంలోనే రాసీ. ఎనిమిదింబావుకి ఆ మిషను కాడ నేకపోతే నాను బతకను. బతికుంటే మరి నడక మానను."

చక్రధరరావు కలం తీశాడు. బస్సు అని రాస్తే బస్సు త్వరగా వచ్చినట్టు. ఆటో అని రాస్తే దళం ఊరుకోదు. విమానం అని రాస్తే ఎనిమిదింబావుకి అందదు, ఆమె మళ్లీ నడుస్తుంది.

"అంబులెన్సు ఆ కాలమ్‌లోకి రాదన్నారు కదండీ," అన్నాడు గవరయ్య మెల్లగా. "మీరే తేల్చారు. బండికి బోర్డు మారిస్తే సరిపోద్దేమో."

చక్రధరరావు ఆయన వైపు చూసిన చూపులో మొదటిసారి గౌరవం ఉంది. అక్కడే, అసిరమ్మ గుమ్మంలోనే, ఉత్తర్వు రాశాడు. సదరు అసిరమ్మ తదితరులను నడవనీయకుండా నిరోధించు నిమిత్తం, ఆరూ పది బస్సును రోగుల వాహనముగా పరిగణించి, ఎనిమిదింబావు లోగా వారిని ఆసుపత్రి చేర్చవలెను. ఆలస్యమైనచో కఠిన చర్య.

"మరి తొమ్మిదీ ఇరవై ఐదుకి రావలసిన ఎక్స్‌ప్రెస్ బస్సో?" అని అడిగింది డ్యూటీ చీటీలతో అప్పుడే వచ్చిన అరుణ.

"అది రిజిస్టరులో వస్తుంది," అన్నాడు చక్రధరరావు.

వచ్చింది కూడా. ఏ రోజూ ఒక్క నిమిషం తేడా లేకుండా వచ్చింది. ఏడాది చివర సమయపాలనలో దానికే మొదటి బహుమతి వచ్చింది.

*

విమానానికి ఏడాది నిండిన రోజు ఉత్సవం నీలంపేటలో పెట్టారు. సభ సరిగ్గా ఎనిమిదింటికి.

ఆరూ పదికి 'రోగుల వాహనం' నిండిపోయి ఉంది. అరుణ పుస్తకం పట్టుకుని సీటు సీటుకీ జబ్బు అడిగి రాసుకుంటోంది. అలా అయితేనే ఎక్కనివ్వాలని ఉత్తర్వు. టీచరుగారికి తలనొప్పి. పాలవాడికి నడుం నొప్పి. పూలమ్మే ఆమెకి, "నిన్నటి జబ్బే రాసుకో అప్పా." విమానం నడిపే పైలట్ మూడో వరసలో కూర్చున్నాడు. ఇల్లు మెట్టవలస, విమానం రాత్రి ఆగేది నీలంపేట వైపు. డ్యూటీకి వేళకి అందుకోవాలంటే ఆయనకి రోజూ జ్వరం తప్పదు.

ఆఖరి సీటులో తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన తువ్వాలు తలమీదుగా కప్పుకుని, కిటికీ కిందికి ఒదిగి కూర్చున్నాడు. పక్కన ఎనిమిది అడుగుల చామంతి దండ.

"మీకేం జబ్బు సార్?" అంది అరుణ.

తువ్వాలు కొంచెం తొలిగింది. "సభ ఎనిమిదింటికమ్మా," అన్నాడు నాయకుడు గుసగుసగా.

అరుణ 'అత్యవసరం' అని రాసుకుంది.

ఆరూ నలభై రెండుకి మొదటి విమానాశ్రయం గేటు వచ్చింది. బయట బాజాలు, బాణాసంచా, వందమంది అనుచరులు. నాయకుణ్ణి విమానమెక్కించడానికి వచ్చారు. నాయకుడు సీటు కిందికి దిగిపోయాడు. గవరయ్య గేరు మార్చి కుడికాలు నొక్కాడు.

డ్రైవరు వెనక సీటులోంచి అసిరమ్మ మెడ తిప్పి, ఆఖరి సీటుకేసి తేరిపార చూసింది.

"ఒరే గవరా," అంది. "నెమ్మదిగా మలుపు తిప్పు. ఈపాలి దండా మెడా ఒక్క బండిలోనే ఉన్నాయిరా."